90 వేలు దాచాను, కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మార్చాలా, మొత్తం సెట్ కొనాలా?

రాజోలు దగ్గర ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 2015లో వాళ్ల నాన్నగారు కొనిపెట్టిన కంప్యూటర్, ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, తర్వాత రెండేళ్లకి వేయించుకున్న జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, 60 హెర్ట్జ్ మానిటర్. ఉద్యోగం వచ్చాక నెలనెలా దాచి 90 వేలు చేశాడు. అందులో ఎక్కువ డబ్బు పెట్టి ఆటల కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు తెచ్చేసుకుని మిగతావి నిదానంగా మార్చుకోవచ్చా, లేక ఒకేసారి మొత్తం కొత్త సెట్ తీసుకోవాలా అని అడిగాడు. "అన్నయ్యా, పది రోజుల నుంచి ఎక్సైట్‌మెంట్‌తో నిద్ర పట్టట్లేదు, రాత్రి రెండింటి దాకా వీడియోలే చూస్తున్నాను" అని కూడా రాశాడు.

సూటిగా చెప్తాను తమ్ముడూ. కార్డు ఒక్కటే కొనొద్దు, మొత్తం సెట్ తీసుకో. కానీ షాపుకి వెళ్లే ముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించు. నీ లిస్టులో మొదట రాయాల్సింది ఎస్ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె), రెండోది మానిటర్, ఆ తర్వాతే కార్డు. నువ్వు పది రోజులుగా కార్డుల వీడియోలు చూస్తుంటే నేను ఎర్తింగ్ అంటున్నానని నిరాశ పడకు. కార్డు కూడా మంచిదే వస్తుంది నీ డబ్బుకి. వరస మాత్రం ఇదే, ఎందుకో చెప్తాను.

నేను భీమవరంలో 18 ఏళ్లుగా కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాను, రిపేర్లు కూడా చేస్తాను. ఇటు ఆకివీడు, పాలకొల్లు, నరసాపురం, అటు గోదావరి దాటి రాజోలు, అమలాపురం దాకా ఇళ్లకి వెళ్లి బిగించినవి ఉన్నాయి. సిటీలో ఏసీ గదిలో కూర్చుని తీసిన వీడియోల్లో మన ఊళ్ల కరెంటు, మన చెమ్మ, మన వరద గురించి ఉండదు కాబట్టి అవే ఎక్కువ చెప్తాను.

ముందు కార్డు సంగతి. 2023లో పాలకొల్లు నుంచి ఒకబ్బాయి అచ్చంగా నీలాంటి మిషన్‌తోనే వచ్చాడు, నాలుగో జనరేషన్ ఐ5, హెచ్81 బోర్డు. ఆన్‌లైన్‌లో ఆర్ఎక్స్ 6600 కార్డు కొనేసి, బిగించి పెట్టమన్నాడు. బిగించాను. యావరేజ్ ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి వచ్చే బొమ్మల లెక్క, పెరిగింది, అబద్ధం చెప్పను. కానీ ఆటలో కారు వేగం అందుకున్నప్పుడల్లా, నలుగురైదుగురు ఒకేసారి ఎదురుపడినప్పుడల్లా బొమ్మ పట్టి పట్టి కదులుతోంది. చూస్తే ప్రాసెసర్ వాడకం 100 శాతం, కార్డు మాత్రం సగం ఖాళీగా కూర్చుంది. ఐ5-4460లో ఉన్నవి 4 కోర్లు (పనిచేసే చేతులు అనుకో), 4 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). ఇప్పటి ఆటలు 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉంటాయన్న లెక్కతో తయారవుతున్నాయి. పైగా హెచ్81 బోర్డులో కార్డు పెట్టే స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరానిది. ఆర్ఎక్స్ 6600 లాంటి కార్డు ఆ స్లాట్‌లో 8 లేన్లే (డేటా వెళ్లే దారులే) వాడుకుంటుంది. నాలుగో తరం స్లాట్‌లో అయితే ఆ 8 లేన్ల మీద సెకనుకి దాదాపు 16 జీబీ వెళ్తుంది, రెండో తరంలో 4 జీబీ మాత్రమే. పంటకాలువ నిండా నీళ్లున్నా బోదె సన్నగా ఉంటే చేలోకి ఎంత వస్తాయి? అదే లెక్క. ఆ అబ్బాయి ఆరు నెలల తర్వాత బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చాడు, అదే కార్డు అప్పుడు పరిగెత్తింది. అంటే ఆరు నెలలు తన డబ్బుని సగం వాడకుండా పెట్టుకున్నట్టే కదా.

నీ మిషన్‌లో నువ్వే చూసుకోవచ్చు. ఆట ఆడుతూ గ్రాఫిక్స్, రిజల్యూషన్ రెండూ బాగా తగ్గించి చూడు. తగ్గించినా ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగట్లేదంటే అడ్డం పడుతున్నది ప్రాసెసర్, కార్డు కాదు.

ఇంకో కారణం విండోస్. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ నుంచే. వాలరెంట్ లాంటి ఆటలు విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు లేకపోతే ఆడనివ్వవు. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించినా అక్కడ ఆగిపోతావు.

ఇప్పుడు కరెంటు. ఇది కాస్త ఓపిగ్గా చదువు.

చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి కేబినెట్ ఇనుము భాగం ముట్టుకుంటే జివ్వుమంటుందా? మన వైపు పాత ఇళ్లలో పదింట ఆరేడు చోట్ల అలాగే ఉండటం చూశాను. "అది మామూలేనండి, అన్ని కంప్యూటర్లకీ ఉంటుంది" అంటారు. మామూలు కాదు. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటిలోంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే కేబినెట్ మీద 230లో సగం, అంటే 110, 115 వోల్టుల దాకా నిలబడిపోతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనకి జివ్వుమనడంతో సరిపోతుంది కానీ, ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి తీసినప్పుడు ఆ తేడా అంతా పోర్టు మీద పడుతుంది. పోర్టు పోయిన టీవీలు, మానిటర్లు, కార్డులు నా బల్ల మీదకి చాలానే వచ్చాయి, వాటిలో ఎక్కువ ఇళ్లలో మూడో పిన్ను అలంకారానికే ఉంది, వెనక తీగే లేదు.

ఎర్త్ గొయ్యి తీసి బొగ్గు, ఉప్పు వేసి జీఐ పైపు దించడం మన ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన పనే. డెల్టా నేల తడిగా ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది, అది మన అదృష్టం. కానీ నీళ్లలో ఉప్పు ఉన్న చోట పైపు, క్లాంపు తుప్పు పట్టి నాలుగైదేళ్లలో తెగిపోతాయి. రాజోలు నుంచి అంతర్వేది వైపు వెళ్లేకొద్దీ ఇది ఇంకా ఎక్కువ. అందుకని "ఇల్లు కట్టినప్పుడు వేయించాం" అంటే కుదరదు, మీటరుతో చూపించు. ఒక్క జాగ్రత్త: కొందరు పని తొందరగా ముగించడానికి సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. అలా మాత్రం చేయనివ్వకు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే కేబినెట్ మొత్తం మీదకి 230 వోల్టులు వస్తాయి. అప్పుడు పోయేది కంప్యూటర్ ఒక్కటే కాదు.

ఇక ఎస్ఎంపీఎస్. మూడేళ్ల కిందట, ఉండి అనే ఊరి దగ్గర నుంచి ఒక ఫోన్. రాత్రి పదకొండు దాటాక ఆట మధ్యలో కంప్యూటర్ దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది, పగలు ఏమీ ఉండదు. ముందున్న మెకానిక్ ర్యామ్ మార్చాడు, విండోస్ రెండుసార్లు ఎక్కించాడు. నేను రాత్రి పూట వెళ్లి సాకెట్‌లో మీటరు పెట్టాను. 170 వోల్టులు. చుట్టూ రొయ్యల చెరువులు. రాత్రి పూట చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి అందరూ ఆ టైముకే ఏరియేటర్లు వేస్తారు, ఆ ఊళ్లో ఇళ్ల వోల్టేజీ కిందికి జారిపోతోంది. అతని ఎస్ఎంపీఎస్ కేబినెట్‌తో పాటు వచ్చిన పేరు లేనిది, 200 వోల్టులు దిగితే ఆడదు. 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునే, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్న 550 వాట్లది పెట్టాం. మళ్లీ ఫోన్ రాలేదు.

కాబట్టి నీ లిస్టులో ఎస్ఎంపీఎస్ మీద "100-240 వోల్ట్స్" అని రాసి ఉందో లేదో చూసుకో. కొన్నింటి మీద 200-240 అనే ఉంటుంది, అవి మన పల్లెటూళ్లకి పనికిరావు. పాత ఎస్ఎంపీఎస్ కొత్త సెట్‌లోకి తేవద్దు. నీ 1050 టీఐ 75 వాట్ల కార్డు, ఎక్కువ మోడళ్లలో వేరే వైరు లేకుండా స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటుంది. కొత్త కార్డుకి 8 పిన్నుల వైరు కావాలి, పాతదానికి అది ఉండకపోవచ్చు. లేదని మోలెక్స్ (పాతకాలం 4 పిన్నుల వైరు) కన్వర్టర్ పెట్టి నడిపిన వాళ్లవి ప్లాస్టిక్ కరిగిపోయి వచ్చాయి నా దగ్గరికి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉండే ఉంటుంది. వెనకాల యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది చూడు, అది వేస్తే కరెంటు పోయినప్పుడు మారే సమయం తగ్గుతుంది. అయినా ఒక్కోసారి మంచి ఎస్ఎంపీఎస్ కూడా అంతసేపు ఆగలేక రీస్టార్ట్ అవుతుంది. అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మాత్రం గేమింగ్ కంప్యూటర్ దాని మీద వద్దు. విడిగా యూపీఎస్ కొంటే 600 వీఏది కొనకు, అది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది, బరువైన ఆట నడుస్తుంటే మానిటర్‌తో కలిపి అంచున ఉంటుంది. 1000 వీఏ తీసుకో. ఆట ఆపుకుని షట్‌డౌన్ చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

పిడుగులప్పుడు ప్లగ్గు పీకడం అందరికీ అలవాటే, నెట్ కేబుల్ మాత్రం వదిలేస్తారు. ఇళ్ల మీదుగా రాగి తీగ లాగిన కనెక్షన్ అయితే పిడుగు ప్రభావం దాని ద్వారానే బోర్డులోకి వస్తుంది. రెండూ పీకు.

ఇప్పుడు నీకు ఇష్టమైన భాగం.

మానిటర్ ఎందుకు రెండో స్థానం అన్నానంటే, నీ 60 హెర్ట్జ్ తెర మీద ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ తెర మీద దాదాపు 7. ఎంత పెద్ద కార్డు తెచ్చినా పాత తెర సెకనుకి 60 బొమ్మలే చూపిస్తుంది. కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి నిమిషంలో "అబ్బ" అనిపించేది ఆ తెరే. మౌస్ కదిపితేనే తేడా తెలుస్తుంది, ఆట కూడా అక్కర్లేదు. 24 అంగుళాలు, 1080పీ, ఐపీఎస్, 144 గానీ 165 గానీ 180 గానీ హెర్ట్జ్. దాని మీద పెట్టిన డబ్బు రెండు కంప్యూటర్లకి వస్తుంది.

కార్డు: మొత్తం డబ్బులో మూడో వంతు, ఇంకాస్త. ఆర్‌టీఎక్స్ 5060 (8 జీబీ, 145 వాట్లు) నీ లెక్కలో వస్తుంది. దొరికిన ధరని బట్టి ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీతో ఉంది, కానీ అది రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే ఏర్పాటు) ఉన్న కొత్త బోర్డు మీదే బాగా ఆడుతుంది, కార్డు ఒక్కటే మార్చే వాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. 1080పీ తెరకి 8 జీబీ ఇప్పటికి సరిపోతుంది, టెక్స్చర్లు అల్ట్రాలో పెట్టాలని పట్టుపడితే కొన్ని కొత్త ఆటల్లో చాలదు. నీకు ఆడేది ఎక్కువగా ఆన్‌లైన్ షూటింగ్ ఆటలైతే 8 జీబీతో టెన్షన్ లేదు. కథ ఉన్న పెద్ద ఆటలే ఇష్టమైతే మాత్రం జీబీ ఎక్కువున్న కార్డు వైపు చూడు.

ప్రాసెసర్: ఏఎండీ కంపెనీ పాత సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎం4లో రైజెన్ 5 5600, కొత్త సాకెట్ ఏఎం5లో రైజెన్ 5 7600. రెండూ 6 కోర్లే. ఏఎం5 సాకెట్‌ని 2027 దాటి కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి. నేనైతే ఇలా చూస్తాను: ఏఎం5 వల్ల కార్డు ఒక మెట్టు కిందికి దిగాల్సి వస్తుంటే 5600తోనే వెళ్లు. కార్డు తగ్గకుండా వస్తుంటే 7600. ర్యామ్ 16 జీబీ చాలు, 8 జీబీవి రెండు తీసుకో, 16ది ఒక్కటి వద్దు. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఒక టీబీ. పాత హార్డ్ డిస్క్ ఫొటోలకి, సినిమాలకి కొత్తదాంట్లోనే పెట్టుకోవచ్చు. కీబోర్డు, మౌస్ పాతవే వాడు, వచ్చే సంక్రాంతికి కొనుక్కుందువు గాని.

గ్లాసు కేబినెట్, రంగురంగుల ఫ్యాన్లు, "ఐ7 గేమింగ్ పీసీ 25 వేలకే" అన్న బోర్డు ఎక్కడైనా కనపడితే ఒక్క ప్రశ్న అడుగు: ఏ జనరేషన్? ఆచంట వైపు నుంచి ఒక తల్లి కొడుకుకి అలాంటిదే కొని తెచ్చింది, ఆన్‌లైన్ ఆట ఆడట్లేదని నా దగ్గరికి వచ్చారు. విప్పి చూస్తే మూడో జనరేషన్ ఐ7, అంటే 2012 నాటిది, హెచ్61 బోర్డు, జీటీ 730 కార్డు. ఆమె ముఖం చూసి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు. ఐ7 అన్న మాటకి విలువ లేదు, వెనక ఉన్న నాలుగు లేదా ఐదు అంకెల్లో మొదటివి చూడాలి.

కొనడం ఎక్కడైనా కొను, సికింద్రాబాద్ సీటీసీలోనా, విజయవాడలోనా, ఆన్‌లైన్‌లోనా అన్నది ధర బట్టి. బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు ఉండాలి, అంతే. ఆ పార్టు వారంటీకి విజయవాడలో తీసుకుంటారా, హైదరాబాద్ పంపాలా అని కొనేముందే అడుగు. హైదరాబాద్‌లో అసెంబుల్ చేయించి గౌతమిలో తెచ్చుకునేటట్టయితే కార్డు విప్పి దాని పెట్టెలోనే పెట్టుకుని తే. బరువైన కార్డు స్లాట్‌కి వేలాడుతూ రాత్రంతా రైల్లో, ఆపైన ఆటోలో గతుకుల మీద వస్తే స్లాట్ విరుగుతుంది. దాన్ని ఫిజికల్ డ్యామేజీ అంటారు, వారంటీ రాదు.

నా మాట వింటే విడిభాగాలు కొనుక్కుని ఇంట్లోనే బిగించుకో, లేదా తెలిసిన వాళ్లని ఇంటికి పిలిచి పక్కన కూర్చుని చూడు. నిద్ర పట్టట్లేదన్నావు కదా, ఆ ఆత్రం ఎలాంటిదో నాకు బాగా తెలుసు, 18 ఏళ్లుగా కుర్రాళ్ల ముఖాల్లో చూస్తున్నాను. ఒక సంవత్సరం దాళ్వా ధాన్యం డబ్బులు వచ్చాక పెనుమంట్ర దగ్గర నుంచి ఒక రైతు కొడుకుని తీసుకుని వచ్చాడు. పార్టులన్నీ తీసుకున్నాక, ఇక్కడే బిగించి ఇస్తానంటే ఆ పిల్లాడు వద్దన్నాడు, ఇంటికెళ్లి అమ్మ ముందు విప్పుతానన్నాడు. కార్డు పెట్టె బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లాడట. మర్నాడు పొద్దున్నే నేను వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మగారు గది కడిగించి, బల్ల మీద దుప్పటి పరిచి, మానిటర్ పెట్టెకి బొట్టు పెట్టి ఉంచారు. రెండు గంటలు పట్టింది. ప్రతి స్క్రూ ఆ పిల్లాడి చేతే బిగించాను. పవర్ బటన్ వాళ్ల నాన్న చేత నొక్కించాడు. ఫ్యాన్లు తిరిగి తెర వెలిగినప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడలేదు, వాడు మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, అదే కంప్యూటర్. తుడవడం, పేస్టు మార్చడం అన్నీ వాడే చేసుకుంటాడు, తన చేత్తో బిగించింది కాబట్టి దాని గురించి వాడికి భయం లేదు.

(కొబ్బరికాయ కొట్టాలంటే గది బయట కొట్టండి. అగరబత్తి కేబినెట్ ముందు ఫ్యాన్ల దగ్గర వద్దు, ఆ పొగ, బూడిద లోపలికి లాగేస్తుంది.)

రాత్రి పూట మాత్రం మొదలుపెట్టకు. పార్సిల్ సాయంత్రం వస్తుంది, చేతులు ఆగవు, పదింటికి మొదలుపెడతారు. పెనుగొండ కుర్రాడొకడు అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేశాడు, కొత్త ప్రాసెసర్ 95 డిగ్రీలకి వెళ్లి ఆగిపోతోందని. కూలర్ అడుగున ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించేశాడు. నిద్ర మత్తులో ఎవరికైనా జరుగుతుంది. పగలు వెలుతురులో, భోజనం చేసి మొదలుపెట్టు. ఫ్యాన్ కింద కూర్చో, బోర్డు మీద చెమట చుక్క పడకూడదు. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పొడి ఊళ్లలోలా స్టాటిక్ భయం అంతగా లేదు, అయినా ర్యామ్, కార్డు పట్టుకునే ముందు గదిలో ఎర్త్ ఉన్న ఇనుప వస్తువు ఒకసారి ముట్టుకో.

బిగించాక అందరూ పడే తప్పులు చెప్తాను. నాలుగు స్లాట్ల బోర్డులో ర్యామ్ స్టిక్కులు రెండూ పక్కపక్కన కాదు, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్, నాలుగో స్లాట్. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, కార్డుకి పెట్టాలి, ఈ ఒక్క తప్పుతో "కొత్త కార్డు పనిచేయట్లేదు" అని తెచ్చిన వాళ్లు ఏడాదికి నలుగురైనా ఉంటారు. ఏఎం5 తీసుకుంటే మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకుంటూ కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది, కంగారుపడి స్విచ్ ఆపకు, అలా వదిలేయి. తర్వాత బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయకపోతే డబ్బు పెట్టి కొన్న ర్యామ్ తక్కువ వేగంతోనే ఆడుతుంది. చివరగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ మార్చు. అది చాలాసార్లు 60లోనే ఉండిపోతుంది, 165 హెర్ట్జ్ తెర కొని ఏడాది పాటు 60లో ఆడినవాడు నాకు తెలుసు, మార్చి చూపించిన రోజు వాడికి ఇంకో కొత్త కంప్యూటర్ కొన్నట్టయింది.

మొదటి వారం దాన్ని గట్టిగా వాడు. బరువైన ఆటలు గంటల తరబడి ఆడు, తెర మీద పిక్సెల్ ఏదైనా చచ్చి ఉందేమో తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి చూడు. లోపం ఉంటే ఆన్‌లైన్‌లో మార్చిచ్చే గడువు లోపలే బయటపడాలి. అన్ని పెట్టెలూ వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచు.

తర్వాత చెమ్మ, నీళ్లు. వానాకాలంలో కంప్యూటర్ నెలల తరబడి ఆపి ఉంచకు, వారానికి ఒక గంటైనా ఆన్ చేసి ఉంచు, ఆ వేడికి లోపలి తేమ ఆరుతుంది. సముద్రానికి దగ్గరైతే ఏడాదికోసారి ర్యామ్ తీసి దాని కాంటాక్టులు మెత్తటి రబ్బరుతో తుడిచి పెట్టు, డిస్‌ప్లే రాని కంప్యూటర్లు సగం దీంతోనే లేస్తాయి. రైస్ మిల్లు పక్కన ఇల్లయితే కేబినెట్ ముందు వైపు ఫిల్టర్ నెలకోసారి కడుగు, దుమ్ము చెమ్మతో కలిసి పిడచ కడితే బ్లోయర్‌కి కూడా రాదు. వెనక ఖాళీ స్లాట్ కవర్లు మూసి ఉంచు, బల్లి ఎస్ఎంపీఎస్‌లోకి దూరి షార్ట్ అయిన కేసులు ప్రతి వానాకాలం వస్తాయి.

కేబినెట్ నేల మీద పెట్టకు. ఇప్పటి కేబినెట్లలో ఎస్ఎంపీఎస్ అడుగున ఉంటుంది, నీళ్లొస్తే మొదట మునిగేది అదే. 2022 జూలై వరదలో లంక గ్రామాల నుంచి తెచ్చిన వాటిలో రెండు కంప్యూటర్లకి బోర్డు, కార్డు పొడిగా ఉన్నాయి, ఎస్ఎంపీఎస్‌లో మాత్రం ఒండ్రు. ఆన్ చేయకుండా తెచ్చారు కాబట్టి మిగతావన్నీ బతికాయి. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వినగానే కార్డు విప్పి పెట్టెలో పెట్టు, కేబినెట్ మేడ మీదకో అటక మీదకో చేర్చు. తుఫానప్పుడూ అంతే. 2025 అక్టోబర్ చివర మొంథా తర్వాత కరెంటు వచ్చిన మొదటి గంటలో ఆన్ చేసి ఎస్ఎంపీఎస్ పోగొట్టుకున్న వాళ్లు నా దగ్గరికి ముగ్గురు వచ్చారు. లైన్లు కుదుటపడేదాకా, ఒక పూట ఆగు.

పాత కంప్యూటర్ పారేయకు, అమ్మినా ఏమీ రాదు. చిన్న సాటా ఎస్ఎస్‌డీ ఒకటి వేసి లినక్స్ ఎక్కిస్తే ఇంట్లో చదువుకునే వాళ్లకి ఇంకో నాలుగేళ్లు హాయిగా పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ మాట ఎవరైనా అంటే, ఉద్యోగం కోసం ఊళ్లు తిరుగుతున్నావా అన్నదొక్కటే చూసుకో. ఇంట్లోనే ఉంటే వద్దు.

ఎర్తింగ్ మీటరులో ఎంత చూపించిందో, నువ్వు అనుకుంటున్న పార్టుల లిస్టు ఏమిటో ఇక్కడే కింద పెట్టు, కొనేముందు ఒకసారి చూసి చెప్తాను. ఎస్ఎంపీఎస్ మాత్రం కంపెనీ పేరు ఒక్కటే కాదు, మోడల్ పేరు మొత్తం రాయి.